సాంచాల సప్పుడులో ‘పాట వెట్టు’

కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల పక్కన కాసేపు కూర్చుంటే ఒక సంగతి తెలుస్తుంది: ఆ పనిలో ఖాళీగా ఉండే వేలు ఒక్కటీ లేదు. ఒళ్లో చాట, చాటలో కొలతకు కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. ఆకు పట్టడం, తంబాకు పరవడం, చుట్టడం, దారం కట్టడం, కొస మడవడం గంటల తరబడి సాగుతూనే ఉంటాయి. చెవులకు మాత్రం పని లేదు. ఒకప్పుడు ఆ చెవులకు రేడియో తోడుండేది, తర్వాత టేప్ రికార్డరు వచ్చింది, ఇప్పుడు గోడకు ఆనించి పెట్టిన ఫోను. రేడియోతో ఒక సుఖం ఉండేది. స్టేషన్ వాళ్లు ఏ పాట వేస్తే అది వినడమే, దాన్ని ముట్టుకునే పని లేదు. ఫోన్‌లో పాట మార్చాలంటే తెర మీద వేలు పెట్టాలి. తంబాకు పొడి అంటిన వేలికి తెర సరిగా పలకదు, పలికినా చేతి వాటం తప్పుతుంది. బీడీలకు కూలి వెయ్యి లెక్కన ఇస్తారు కాబట్టి వాటం తప్పినప్పుడల్లా ఎంతో కొంత నష్టమే.

నోటిమాటతో ఫోన్‌లో పాటలు నడిపించే సౌకర్యాన్ని కంపెనీలు ప్రకటనల్లో కారు నడిపేవాళ్లకూ, సోఫాలో కాళ్లు చాపుకున్నవాళ్లకూ చూపించాయి. నన్నడిగితే దాని అవసరం వాళ్లకన్నా కోరుట్ల బీడీల చాటకూ, సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) షెడ్డుకూ, జగిత్యాల పొలాల్లో ట్రాక్టరు సీటుకూ ఎక్కువ. రెండు చేతులూ కట్టుబడి పోయే పనులు అక్కడున్నాయి. అయితే ఆ సౌకర్యం తడబడేదీ సరిగ్గా అక్కడే. ఎందుకో తెలియాలంటే మాట అన్న తర్వాత ఫోన్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఆమె ‘హే గూగుల్, పాత పాటలు వెట్టు’ అన్నదనుకుందాం. ఇందులో మొదటి రెండు పదాలనూ, తర్వాతి మూడింటినీ ఫోన్‌లో వేరువేరు భాగాలు వింటాయి. తెర ఆరిపోయి, పెద్ద ప్రాసెసర్ నిద్రలో ఉన్నప్పుడు కూడా చాలా తక్కువ కరెంటుతో నడిచే చిన్న చిప్పు ఒకటి మైకును కనిపెట్టుకుని ఉంటుంది. దానికి తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. ‘హే గూగుల్’ అనే ధ్వని వచ్చిందా, రాలేదా అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు చెప్పగలదు. విన్నదాంట్లో చివరి ఒకటి రెండు సెకన్లు దగ్గర పెట్టుకుని, కొత్తది వచ్చేకొద్దీ పాతది చెరిపేస్తుంది. పోలిక కుదిరిందని అనిపించగానే అసలు యంత్రాంగాన్ని నిద్ర లేపుతుంది. టీవీలో ఎవరో అన్న మాటకు మన ఫోన్ ఉలిక్కిపడి లేవడం ఈ చిన్న చిప్పు పొరపాటే.

ఇక రెండో దశ. మైకు గాలిలోని ఒత్తిడి మార్పులను సెకనుకు 16,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. పాటల సీడీకి ఈ కొలతలు 44,100 కావాలి గానీ మనిషి మాటకు పదహారు వేలు చాలు. ఆ అంకెల వరుసను 25 మిల్లీసెకన్ల ముక్కలుగా, పదేసి మిల్లీసెకన్లు జరుపుకుంటూ కోస్తారు. ఒక్కో ముక్కలో ఏ స్థాయి ధ్వని ఎంత బలంగా ఉందో ఫూరియర్ గణితంతో విడదీస్తారు. మన చెవి కింది స్థాయిల్లో చిన్న తేడాలను కూడా పడుతుంది, పైకి వెళ్లేకొద్దీ అంత నిశితంగా పట్టదు. యంత్రం కూడా అదే పద్ధతిలో కింద సూక్ష్మంగా, పైన మోటుగా లెక్క వేస్తుంది. ఇలా ఒక్క సెకను మాట సుమారు నూరు నిలువు గీతల పటంగా తయారవుతుంది. ‘పాట’లోని దీర్ఘం ఆ పటంలో పది పదిహేను గీతల మేర పరుచుకుంటే, ‘పట’లోని హ్రస్వం దాదాపు అందులో సగంలో ముగుస్తుంది.

ఆ పటాన్ని అక్షరాలుగా మార్చేది న్యూరల్ నెట్‌వర్క్. దీన్ని ఎవరూ వ్యాకరణం చెప్పి తయారు చేయరు. వేల గంటల మాటలూ, వాటి పక్కనే వాటి రాతా ఇచ్చి, ఏ గీతల గుంపు ఏ అక్షరమో అదే పసిగట్టేలా చేస్తారు. అది ఒక్క జవాబుతో ఆగదు. ‘పాట పెట్టు’కు ఇంత అవకాశం, ‘పాట పట్టు’కు ఇంత, ‘బాట పెట్టు’కు ఇంత అని లెక్క కడుతుంది. ఏ పదం పక్కన ఏ పదం రావడం సహజమో తెలిసిన భాషా నమూనా అక్కడ తీర్పు చెబుతుంది. అంటే ఫోన్ మన మాటను సగం వింటుంది, సగం ఊహిస్తుంది. మనుషులమూ అంతే. కాకపోతే మన ఊహకు ఊరూ వాడా తెలుసు, దాని ఊహకు దానికి తినిపించిన రికార్డింగులే ప్రపంచం.

రాత తయారయ్యాక అందులో పని ఏమిటి, దేని మీద అన్నది విడదీయాలి. ‘వెట్టు’ అన్నది పని, ‘పాత పాటలు’ అన్నది వస్తువు. ఇక్కడ పాట యాప్ రంగంలోకి వస్తుంది. ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 నుంచి ‘మీడియా సెషన్’ అనే ఏర్పాటు ఉంది. ఏ కంపెనీ యాప్ అయినా సరే, ఆపు, నడుపు, తర్వాతిది, ముందటిది అనే ఆదేశాలను అది ఒకే దారిలో అందుకుంటుంది. ఇయర్‌ఫోన్ తీగ మీద మీట నొక్కితే పాట ఆగేదీ ఆ దారిలోనే. ఐఫోన్‌లో ఇతర కంపెనీల పాట యాప్‌లకు ‘సిరి’ అనే గొంతు సహాయకుడి మాట చేరే ఏర్పాటు 2019లో ఐఓఎస్ 13తో వచ్చింది.

ఈ ఏర్పాట్ల వల్ల ఒక తేడా ఏర్పడింది, దాన్ని చాలామంది గమనించరు. ‘నెక్స్ట్’, ‘ఆపు’, ‘సౌండ్ పెంచు’ లాంటి మాటలకు వెతుకులాట లేదు. గుప్పెడు ఆదేశాల్లో ఏదో ఒకటి గుర్తుపడితే పని అయిపోతుంది. 1952లో బెల్ ల్యాబ్స్ వాళ్ల ‘ఆడ్రీ’ యంత్రం సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలను గుర్తుపట్టింది, 1962లో ఐబీఎం ‘షూబాక్స్’ 16 మాటలు పట్టింది. చిన్న జాబితాలోంచి ఒకదాన్ని ఏరడం అంత పాత విద్య. పేరు చెప్పి పాట అడగడం వేరు. అప్పుడు సహాయకుడు మన మాటను రాతగా యాప్ చేతిలో పెట్టి తప్పుకుంటాడు. కోట్ల పాటల్లోంచి ఒకదాన్ని యాప్ వెతకాలి. పేరేమీ చెప్పకుండా ఉత్త ‘పాట వెట్టు’ అంటే ఆ రాత ఖాళీగా వెళ్తుంది, యాప్ తనకు తోచింది వేస్తుంది. బీడీలు చుట్టే గదిలో నిశ్శబ్దం ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది ఎక్కువగా ఈ పేర్ల దగ్గరే. దానికి తర్వాత వస్తాను. సిరిసిల్లలో అసలు మాట మైకు దాకా చేరడమే గండం.

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కొట్టుకుంటూ పోయే సాంచె నిమిషానికి నూరుకు పైగా పోట్లు వేస్తుంది. అలాంటివి వరుసగా నడిచే షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. మన ఫ్యాక్టరీల నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి గరిష్ఠం పెట్టిందే 90. లెక్క సులువుగా ఉండటానికి షెడ్డులో 95 అనుకుందాం. మనిషి మామూలుగా మాట్లాడితే మీటరు దూరంలో 60 డెసిబెల్స్ ఉంటుంది. తేడా 35. డెసిబెల్ కొలతలో ప్రతి పదికీ శక్తి పది రెట్లవుతుంది కాబట్టి, మీటరు దూరాన ఉన్న మైకుకు సాంచాల శక్తి మాట శక్తికన్నా మూడు వేల రెట్లకు పైగా అందుతుంది. ఆ రొదలోంచి ‘పాట వెట్టు’ను ఏరడం ఏ గణితానికైనా కష్టమే.

ఇక్కడ ఆదుకునేది దూరమే. మైకు దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది, సాంచాల చప్పుడు మాత్రం షెడ్డంతా నిండి ఉంటుంది కాబట్టి దాదాపు మారదు. మీటరు నుంచి అర మీటరు, అక్కడినుంచి పావు, ఇలా నాలుగుసార్లు సగం చేస్తే ఆరు సెంటీమీటర్ల దగ్గరికి వస్తాం. మాటకు 24 డెసిబెల్స్ లాభం. అప్పటికి 84. మామూలు మాట 60 బదులు 80 డెసిబెల్స్ బలంతో అరిస్తే 104, సాంచాలను దాటేశాం. అందుకే ఇలాంటి చోట ఫోన్ అడుగున ఉన్న మైకును పెదాలకు ఆనించినంత దగ్గర పెట్టి అరవడం తప్ప వేరే దారి ఉండదు. ఇంట్లో వింతగా కనిపించే ఆ పద్ధతి భౌతికశాస్త్రం ప్రకారం పక్కా సరైనది. కాకపోతే ఫోన్ చేతిలోకి తీసుకోకుండా నడపాలన్న మొదటి కోరికను అక్కడితో వదులుకున్నట్టే.

అరిస్తే ఇంకో చిక్కు. 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి చెవి వైద్యుడు ఒక సంగతి బయటపెట్టాడు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు, చప్పుడు ఆగితే తగ్గిస్తాడు. దాన్ని ఇప్పటికీ లొంబార్ ప్రభావం అంటారు. గొంతు పెంచితే మాట బలం ఒక్కటే పెరగదు. శ్రుతి పైకి పోతుంది, అచ్చులు సాగుతాయి, శక్తి పై స్థాయిలకు జరుగుతుంది, హల్లులు అచ్చుల పక్కన వెలవెలబోతాయి. హ్రస్వ దీర్ఘాల తేడా మీద బతికే తెలుగుకు అచ్చులు సాగడం చిన్న విషయం కాదు. ఏసీ గదిలో నింపాదిగా చదివిన వాక్యాలతో నేర్చుకున్న యంత్రానికి, సాంచాల మధ్య అరిచిన ‘బందువెట్టు’ పటం మీద మరో మాటలా కనిపిస్తుంది. యంత్రం తప్పు విన్నప్పుడు మనం మరింత గట్టిగా అరుస్తాం, దాంతో పటం మరింత మారిపోతుంది. కోపం తెచ్చుకోకుండా మామూలు గొంతుతో, మైకును ఇంకొంచెం దగ్గర పెట్టుకుని చెప్పినప్పుడే పని అయ్యే అవకాశం ఎక్కువ.

యంత్రాలకు రొద అలవాటు చేసే పద్ధతి ఇంజనీర్ల దగ్గర లేకపోలేదు. శుభ్రమైన రికార్డింగులకు వీధి రొద, ఫ్యాను మోత, పక్క మాటలు కలిపి మళ్లీ శిక్షణ ఇస్తారు. ఫ్యాను మోత నిలకడగా ఉంటుంది కాబట్టి తీసేయడం తేలిక. నాడె పోటు అలా కాదు. చటుక్కున లేచి, అన్ని స్థాయిలనూ ఒకేసారి నింపి పోతుంది. ‘ట’, ‘ప’ లాంటి స్పర్శాల పేలుడు పటంలో కనిపించేదీ దాదాపు అలాగే. సిరిసిల్ల షెడ్లలో కొన్ని గంటల రొద రికార్డు చేసి శిక్షణలో కలపడం పెద్ద ఖర్చు పని కాదు.

ఫోన్ తానే పాడుతున్నప్పుడు మాట వినడం మరో ముడి. దీనికి చక్కటి ఉపాయం ఉంది. స్పీకరు నుంచి ఏ పాట వెళ్తోందో ఫోన్‌కు ముందే తెలుసు కాబట్టి, మైకులోకి వచ్చిన ధ్వనిలోంచి ఆ పాటను తీసివేసి మిగిలింది వింటుంది. ‘హే గూగుల్’ వినపడగానే పాట గొంతు తగ్గడం కూడా ఇందుకే. అయితే స్పీకరును పూర్తి సౌండులో పెడితే ధ్వని పగిలిపోతుంది, పగిలిన పాటకూ ఫోన్ పంపిన పాటకూ పొంతన కుదరక తీసివేత సగంలో ఆగుతుంది. దూరంగా పెట్టిన బ్లూటూత్ స్పీకరుతో ఆలస్యం తోడై పని ఇంకా చెడుతుంది. మెడలో వేసుకునే ఇయర్‌ఫోన్‌కు ఈ బాధలు తక్కువ, మైకు నోటికి దగ్గరే, పాట బయటికి పొక్కదు. కానీ 95 డెసిబెల్స్ షెడ్డులో పాట వినపడాలంటే చెవిలో దానికి మించి మోగించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాటలు వినడానికి సురక్షితమని చెప్పే పరిమితి 80 డెసిబెల్స్, అదీ వారానికి 40 గంటలు. పనివాళ్ల చెవులు ఇప్పటికే సాంచాలకు అప్పుపడి ఉన్నాయి. వాటి మీద ఇంకో భారం వేయమని ఏ సాంకేతికతనూ నేను సిఫారసు చేయలేను.

జగిత్యాలకు వస్తే చిక్కు రొదలోకన్నా యాసలో ఎక్కువ. ‘పెట్టు’ ఇక్కడ ‘వెట్టు’ అవుతుంది, ‘ఆపు’ బదులు ‘బంద్ జెయ్’ వస్తుంది, ‘శబ్దం తగ్గించు’ అని జగిత్యాలలో ఎవరూ అనరు, ‘జర సౌండ్ తక్కువ జెయ్’ అంటారు. గల్ఫ్‌లో ఏళ్లు గడిపి వచ్చినవాళ్ల మాటలో హిందీ కలుస్తుంది, కుర్రవాళ్ల మాటలో ఇంగ్లీషు సగం. గూగుల్ తన గొంతు టైపింగులో తెలుగును చేర్చింది 2017 ఆగస్టులో. ఆ రోజుల్లో పరిశోధకుల చేతికి అందుబాటులో ఉన్న తెలుగు రికార్డింగులు ఎంత తక్కువో 2018లో మైక్రోసాఫ్ట్ పెట్టిన పోటీ చూస్తే అర్థమవుతుంది. తెలుగు, తమిళం, గుజరాతీలకు శిక్షణ కోసం ఇచ్చింది తలా 40 గంటలు. 2022లో ఓపెన్ఏఐ ‘విస్పర్’ నమూనాను 6,80,000 గంటల ధ్వనితో తయారు చేసింది. అందులో తెలుగు రాతతో కూడిన తెలుగు మాట నాలుగున్నర గంటలు కూడా లేదు. ఒక్క రాత్రి ఒగ్గుకథ అంతకన్నా ఎక్కువసేపు నడుస్తుంది.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2000 గంటల తెలుగు మాటలను జనం నుంచే సేకరించే పని చేపట్టింది. మద్రాసు ఐఐటీలోని ‘ఏఐ4భారత్’ 2024లో విడుదల చేసిన ‘ఇండిక్‌వాయిసెస్’లో 22 భాషలకు కలిపి 7,348 గంటలున్నాయి, 16,237 మంది గొంతులవి. అందులో ఎక్కువ భాగం చదివిన వాక్యాలు కావు, అప్పటికప్పుడు మాట్లాడినవి. బెంగళూరు ఐఐఎస్‌సీ, గూగుల్ కలిసి నడుపుతున్న ‘వాణి’ పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది. జిల్లాల వారీగా మనుషులను ఎంచుకుని, చేతికి వాక్యం ఇవ్వకుండా బొమ్మ చూపించి, కనిపించింది చెప్పమంటారు. వాక్యం ఇస్తే మనిషి బడిలో నేర్చుకున్న తెలుగు చదువుతాడు, బొమ్మ చూపిస్తే ఇంట్లో మాట్లాడే తెలుగు బయటికి వస్తుంది. మొదటి విడత జిల్లాల్లో కరీంనగర్ ఉంది. జగిత్యాల, సిరిసిల్ల 2016 అక్టోబర్ దాకా ఆ జిల్లాలోవే కాబట్టి, ‘వెట్టు’ అనే గొంతులు ఇప్పుడు శిక్షణ సామగ్రిలోకి వెళ్తున్నాయని అనుకోవచ్చు.

గొంతులు ఇవ్వడానికి జంకేవాళ్లూ ఉన్నారు, ఆ జంకు నిరాధారం కాదు. 2019లో గూగుల్, అమెజాన్, ఆపిల్ సహాయకులకు చెప్పిన మాటల్లో కొన్నిటిని కాంట్రాక్టు మనుషులు వింటున్నారని బయటపడి గొడవైంది. అదే ఏడాది గూగుల్ ఇంగ్లీషు గుర్తింపు నమూనాను 80 మెగాబైట్లకు కుదించి ఫోన్‌లోనే నడిపింది. మాట ఫోన్ దాటి పోనప్పుడు గుట్టు బయటపడే భయమూ లేదు, నెట్ సిగ్నల్ అవసరమూ లేదు. మాట ఫోన్ దాటి పోయే చోట కూడా ఫోన్ సెట్టింగుల్లో దాచిన మాటలను చూసి చెరిపేసే వీలుంది, వాడుకోవచ్చు.

ఇక మిగిలింది పేర్ల సంగతి. మాట పొల్లుపోకుండా విన్నా, ఫోన్ తప్పు పాట వేయవచ్చు. ‘ఖుషి పాటలు వెట్టు’ అంటే 2001 సినిమానా, 2023 సినిమానా? ‘తొలిప్రేమ’ 1998లో ఒకటి, 2018లో ఒకటి. ‘దేవదాసు’ అన్నది 1953లో వచ్చింది, 2006లో వచ్చింది, 2018లో ‘దేవదాస్’ అని మళ్లీ వచ్చింది. యాప్ ఇక్కడ జనం ఎక్కువగా వింటున్నదానికీ, మనం ఇదివరకు విన్నదానికీ ఓటేస్తుంది. బీడీల గదిలో నాయనమ్మ, మనవరాలు ఒకే ఫోన్ వాడితే ఎవరి దేవదాసు గెలుస్తాడో చెప్పడం కష్టం. హీరో పేరో, సంవత్సరమో, గాయకుడి పేరో కలిపి చెబితే ఈ తికమక చాలావరకు తీరుతుంది.

పైగా యాప్‌లలో పాటల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ‘త’కు ఒకరు హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు, దీర్ఘానికి ఒకరు రెండు ‘ఏ’లు రాస్తారు, ఒకరు ఒకటితో సరిపెడతారు. ఒక రాత నుంచి మరో రాతకు చేరడానికి ఎన్ని అక్షరాలు మార్చాలో లెక్కపెట్టే సూత్రాన్ని రష్యన్ గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ 1965లో ఇచ్చాడు. తక్కువ మార్పులతో చేరే పేరే మనం అడిగినది అయ్యుంటుందని యాప్ భావిస్తుంది. సినిమా పాటలకు ఇది బాగానే పని చేస్తుంది, ఎందుకంటే ఏదో ఒక పేరు జాబితాలో ఉంటుంది. సిరిసిల్ల పక్క హనుమాజీపేటలో 1931లో పుట్టిన కవి సినారె పాటలను ఆయన పేరుతో అడిగితే ఇబ్బంది మొదలవుతుంది. 1962 నాటి ‘గులేబకావళి కథ’తో మొదలుపెట్టి ఆయన రాసిన సినిమా పాటలు వేలల్లో ఉన్నా, యాప్‌ల జాబితాల్లో గాయకుడు, సంగీత దర్శకుడు, సినిమా ముందు వరుసలో కూర్చుంటారు. రచయిత పేరు ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. ఉన్నా ‘సినారె’ అని ఉండదు, పూర్తి పేరు ఉంటుంది.

జానపదానికి వస్తే ఇంకా అన్యాయం. బతుకమ్మ పాటకు సినిమా లేదు, పాడిన ఆమె పేరు చాలాసార్లు ఎక్కించినవాళ్లకే పట్టదు, ‘బతుకమ్మ పాట’ అనే ఒకే పేరుతో గుట్టలు గుట్టలుగా ఉంటాయి. ఆ గుట్టలోంచి ఎక్కువమంది విన్న డీజే పాటే పైకి తేలుతుంది. అదే హనుమాజీపేట నుంచి వచ్చిన ఒగ్గుకథ కళాకారుడు మిద్దె రాములు. ‘మిద్దె రాములు ఒగ్గుకథ వెట్టు’ అన్న మాటను ఫోన్ అక్షరం తప్పకుండా రాసుకున్నా, ఆ తర్వాత ఏం వినిపిస్తుందన్నది ఆ రికార్డింగు ఎక్కించిన మనిషి పేరు గడిలో కథ పేరు, కళాకారుడి పేరు, ఊరి పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి టైపు చేశాడా, లేక ‘ఒగ్గుకథ ఫుల్ వీడియో’ అని వదిలేశాడా అన్నదాని మీద ఉంటుంది.